వాల్డార్ఫ్ చార్టర్ స్కూల్లో సీటు వచ్చింది, పిల్లల్ని పంపినవాళ్ళు మీ అనుభవం చెప్తారా?

చింతచిగురు (శాక్రమెంటో)

అందరికీ నమస్కారం. మా పాపకి జూలైలో 6 ఏళ్ళు నిండుతాయి. ఫస్ట్ గ్రేడ్ కోసం మా ఇంటికి 20 నిమిషాల దూరంలో ఉన్న పబ్లిక్ వాల్డార్ఫ్ చార్టర్ స్కూల్ లాటరీలో పేరు వేశాం. చార్టర్ అంటే ప్రభుత్వ డబ్బుతో నడిచే ఉచిత స్కూలే, వాల్డార్ఫ్ అంటే కథలు, బొమ్మలు, చేతిపనులతో చదువు చెప్పే పద్ధతి. నిన్న సీటు వచ్చిందని మెయిల్ పెట్టారు. శుక్రవారం లోపు తేల్చి చెప్పకపోతే వెయిట్‌లిస్టులో తర్వాత ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారట.

స్కూలు చూసొచ్చాను. గోడలకి లేత రంగులు, చెక్క బెంచీలు, బ్లాక్‌బోర్డు నిండా టీచర్ రంగు సుద్దలతో వేసిన అడవి బొమ్మ. క్లాసులో ఒక్క స్క్రీన్ కూడా లేదు. పిల్లలు వరుసగా వచ్చి టీచర్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చి, కళ్ళలోకి చూసి గుడ్ మార్నింగ్ చెప్పి లోపలికి వెళ్తున్నారు. నాకు మనసు నిండిపోయింది.

మా ఆయనకి ఇష్టం లేదు. పాప ఇప్పటికే చిన్న చిన్న పుస్తకాలు చదువుతోంది. అక్కడ ఫస్ట్ గ్రేడ్‌లో ఒక్కో అక్షరానికి కథ చెప్పి, బొమ్మ వేయించి, నిదానంగా వెళ్తారు, ఉన్నది కూడా మర్చిపోతుందని ఆయన భయం. మా అత్తగారైతే విజయవాడ నుంచి ఫోన్‌లో "ఆరేళ్ళ పిల్లకి ఎక్కాలు చెప్పకుండా అల్లికలు నేర్పుతారా అమ్మా?" అని ఒకటే గోల. పోటీ పరీక్షల కుటుంబం మాది, వాళ్ళ టెన్షన్ నాకు అర్థమవుతుంది. చదువు, లెక్కలు నిజంగా వెనకబడతాయా? దీని వెనక ఏదో మతం ఉందని కూడా ఎక్కడో చదివాను. దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

మెలికముగ్గు

చింతచిగురు గారూ, మా ఇద్దరు పిల్లలూ ఇలాంటి చార్టర్‌లోనే చదువుతున్నారు. పెద్దవాడు సిక్స్త్ గ్రేడ్, చిన్నది థర్డ్. మీ భయాలన్నీ నేనూ పడ్డాను.

రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. పొద్దున్న దాదాపు 2 గంటలు మెయిన్ లెసన్. ఒకే విషయం 3, 4 వారాలు నడుస్తుంది, లెక్కలైతే లెక్కలే, భాషైతే భాషే. టెక్స్ట్‌బుక్ ఉండదు. గీతల్లేని పెద్ద తెల్ల పుస్తకంలో పిల్లలే రాసి, బొమ్మ వేసి తయారుచేసుకుంటారు, దాన్నే మెయిన్ లెసన్ బుక్ అంటారు. ఫస్ట్ గ్రేడ్‌లో ఎమ్ అక్షరం వచ్చిన రోజు టీచర్ రెండు కొండల కథ చెప్పారు, బొమ్మ వేయించారు, కొండ శిఖరాల మీదుగా వేలితో గీయించారు. అలా ఎమ్ పుట్టింది. కూడికలు, తీసివేతలు, గుణకారం, భాగహారం నాలుగూ ఫస్ట్ గ్రేడ్‌లోనే మొదలుపెట్టేస్తారు. ఎక్కాలు అడుగులు వేస్తూ, చప్పట్లు కొడుతూ చెప్పిస్తారు. మీ అత్తగారికి ఈ మాట చెప్పండి, ఎక్కాలు ఉన్నాయి.

అల్లికల సంగతి. సూదులు కూడా పిల్లలే చేసుకున్నారు. సన్నటి కర్రపుల్లని శాండ్‌పేపర్‌తో రుద్ది రుద్ది మొన చేసి, రెండో చివర పూస అంటించి. మా వాడు మొదట అల్లిన చదరం ఒకపక్క 12 కుట్లతో మొదలై రెండోపక్క 17 అయింది. వాడే కూర్చుని లెక్కపెట్టి, ఎక్కడ ఎక్కువైందో వెతికి, అక్కడిదాకా విప్పి మళ్ళీ అల్లాడు. ఆ ఓపిక నాకు ఈ రోజుకీ అపురూపం.

ఇంకొకటి, ఫార్మ్ డ్రాయింగ్ అని ఉంటుంది. నిలువు గీత, వంపు గీతతో మొదలుపెట్టి ఫోర్త్ గ్రేడ్‌కి వచ్చేసరికి ఒకదానికింద ఒకటి దూరి వచ్చే మెలికలు వేస్తారు. మా అమ్మ ఆ ఏడు తెనాలి నుంచి వచ్చి ఉంది. వాడి పుస్తకం చూసి "ఒరే, ఇది మెలిక ముగ్గే కదరా" అని సుద్దముక్క పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. కారు పెట్టుకునే చోట 7 చుక్కలు పెట్టి, చెయ్యి ఎత్తకుండా మొత్తం ముగ్గు ఒక్క గీతతో చుట్టింది. వాడు నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత రెండు నెలలు ఇద్దరికీ అదే పని. ఇంగ్లిష్ రాని అమ్మమ్మ, తెలుగు తడబడే మనవడు, వాళ్ళ మధ్య మొదటిసారి ఒక భాష దొరికింది.

నా మాటగా చెప్పాలంటే, పంపండి.

పాలకంకి

నేను ఒప్పుకోను. కోపంతో రాయడం లేదు, జరిగింది చెప్తున్నాను.

మా బాబు కిండర్‌గార్టెన్ నుంచి థర్డ్ గ్రేడ్ దాకా ఒక వాల్డార్ఫ్ చార్టర్‌లో చదివాడు. పేరు వద్దు. సెకండ్ గ్రేడ్ సగంలో వీడికి ఇంకా చదవడం రావడం లేదని టీచర్‌ని అడిగాను. చాలా మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. "మొగ్గని వేళ్ళతో విప్పకూడదు, టైమ్ వచ్చినప్పుడు అదే విచ్చుకుంటుంది" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పాను.

వాడి మెయిన్ లెసన్ బుక్ చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. థర్డ్ గ్రేడ్‌లో వ్యవసాయం బ్లాక్ ఉంటుంది. గోధుమ కంకి బొమ్మ, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో 5 లైన్లు. ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వు రాసింది నాకు చదివి వినిపించు నాన్నా" అన్నాను. వాడు పేజీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. కంకి బొమ్మ మీద వేలు పెట్టి టీచర్ చెప్పిన కథ మొదలుపెట్టాడు. అక్షరాలు కాదు, జ్ఞాపకం. నేను మూడో లైన్లో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటి అన్నాను. ఏడ్చేశాడు. బోర్డు మీద ఉన్నదాన్ని బొమ్మ వేసినట్టు వేస్తున్నాడు తప్ప ఒక్క ముక్క చదవలేకపోతున్నాడు. మూడేళ్ళ పుస్తకాలు బీరువాలో దాచుకుని మురిసిపోయాం మేము.

ఆ రాత్రే పరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడిగాను. చార్టర్ కూడా పబ్లిక్ స్కూలే కాబట్టి ప్రత్యేక అవసరాలున్న పిల్లల చట్టం వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో మనం రాసిచ్చాక 15 రోజుల్లో ఏమేం పరీక్షలు చేస్తారో ప్లాన్ ఇవ్వాలి, మనం సంతకం పెట్టాక 60 రోజుల్లో పరీక్షలు ముగించి మీటింగ్ పెట్టాలి. డిస్లెక్సియా అని తేలింది, అంటే అక్షరాలు చదవడం పట్టుబడని ఇబ్బంది. ఐఈపీ వచ్చింది, వాడికి తగ్గట్టు స్కూలు రాసిచ్చే ప్రత్యేక చదువు ప్లాన్ అది. ఫోర్త్ గ్రేడ్ నుంచి వీధి చివర ఉన్న మామూలు పబ్లిక్ స్కూల్లో వేశాం. అక్కడ ధ్వనుల దగ్గర్నుంచి మొదలుపెట్టి రోజూ ఒక టీచర్ కూర్చుని నేర్పించారు. ఇప్పుడు చదువుతాడు, నెమ్మదిగా. పోయిన రెండేళ్ళు మాత్రం పోయినట్టే.

రెండెడ్లబండి (ఫాల్సమ్)

పాలకంకి గారూ, మీ పోస్ట్ చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. బాబు నిలదొక్కుకున్నాడు, సంతోషం.

చదువు ఆలస్యంగా మొదలైతే ఏమవుతుందనే దానిమీద న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ నుంచి సెబాస్టియన్ సగేట్ బృందం చేసిన పరిశోధన ఉంది. 5 ఏళ్ళకే చదవడం మొదలుపెట్టిన పిల్లల్నీ, స్టైనర్ స్కూళ్ళలో (వాల్డార్ఫ్‌కే ఇంకో పేరు) 7 ఏళ్ళకి మొదలుపెట్టిన పిల్లల్నీ పోల్చి చూశారు. 11 ఏళ్ళు వచ్చేసరికి చదివే వేగంలో తేడా మిగల్లేదు. వాల్డార్ఫ్ స్కూళ్ళలో అందరూ ఇదే చెప్తారు, తప్పు లేదు. కానీ సగటు పిల్లల గురించి చెప్పిన మాటని ప్రతి పిల్లవాడికీ అంటగట్టకూడదు. ఆలస్యంగా మొదలుపెట్టడం వేరు, మొదలుపెట్టినా పట్టుబడకపోవడం వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ప్రమాదం అక్కడే ఉంది.

చింతచిగురు గారూ, కాలిఫోర్నియా రాష్ట్ర పరీక్షల ఫలితాలు పెట్టే సీఏఏఎస్‌పీపీ వెబ్‌సైట్‌లో మీ స్కూలు పేరు కొట్టి చూడండి. థర్డ్ నుంచి ఎయిత్ గ్రేడ్ దాకా ప్రతి ఏడాదీ రాష్ట్ర పరీక్షలుంటాయి, ఇంగ్లిష్, లెక్కలు రెండూ. థర్డ్ గ్రేడ్ మార్కులు తక్కువుంటే గాబరా పడొద్దు, సెవెంత్, ఎయిత్ చూడండి. అప్పటికీ లేవకపోతే ఆలోచించండి. ఎంతమంది రాశారో కూడా చూడండి. ఈ స్కూళ్ళలో పరీక్ష వద్దని రాసిచ్చే తల్లిదండ్రులు ఉంటారు, సగం మంది రాయకపోతే ఆ అంకెలకి అర్థం ఉండదు. ఇంకో మాట, చార్టర్ శాశ్వతం కాదు. మామూలుగా 5 ఏళ్ళకోసారి డిస్ట్రిక్ట్ దగ్గర రెన్యూ చేయించుకోవాలి. ఎప్పుడు రెన్యువల్ ఉందో అడగండి.

మెలికముగ్గు

పాలకంకి గారూ, మీరు రాసింది నిన్న రాత్రి మా చిన్నదాని పుస్తకం తీసి చదివించేదాకా నన్ను నిద్రపోనివ్వలేదు. చదివింది. కానీ ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా అలా అడగలేదని అప్పుడే తెలిసింది. పెద్దవాడికి చదువు దానంతటదే వచ్చేసింది కాబట్టి అందరికీ అలాగే వస్తుందనుకున్నాను. నేను "పంపండి" అని అంత తేలిగ్గా రాయకుండా ఉండాల్సింది.

అయినా ఆ టీచర్ చేసిన తప్పుని మొత్తం పద్ధతికి అంటగట్టడం న్యాయం కాదనిపిస్తోంది. మా స్కూల్లో చదవడం రాని పిల్లల్ని సెకండ్ గ్రేడ్‌లోనే పట్టుకుని రోజూ విడిగా అరగంట కూర్చోబెడుతున్నారు.

పాలకంకి

టీచర్‌ని నేనూ తప్పుపట్టడం లేదండీ. ఆమెకి శిక్షణలో నేర్పింది ఆమె చెప్పింది. అందుకే పద్ధతి గురించి మాట్లాడుతున్నాను.

ఎర్రమట్టి (శాన్ హోసే)

మతం గురించి అడిగారు కదా, అది వదిలేశారు అందరూ. ఇది మనవాళ్ళకి బాగా తెలియాల్సిన కథ.

మొదటి వాల్డార్ఫ్ స్కూలు 1919లో జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో పెట్టారు. వాల్డార్ఫ్ ఆస్టోరియా అనే సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం, యజమాని ఎమిల్ మోల్ట్ అడిగితే రుడాల్ఫ్ స్టైనర్ నడిపించాడు. పేరు ఆ ఫ్యాక్టరీదే. ఈ స్టైనర్ అంతకుముందు దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) జర్మన్ శాఖకి అధిపతి. మద్రాసు అడయారులో ఆ సమాజాన్ని నడిపిన అనీ బిసెంట్ వాళ్ళు ఒక తెలుగు కుర్రాణ్ణి కాబోయే జగద్గురువు అని ప్రకటించారు. ఆ కుర్రాడు మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. స్టైనర్ అది ఒప్పుకోలేదు, 1912-13 నాటికి విడిపోయి ఆంత్రోపోసఫీ అనే తన సొంత సంఘం పెట్టుకున్నాడు. కృష్ణమూర్తి కూడా 1929లో ఆ గురువు పీఠం వద్దని తోసేశాడు, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఆయన తలపెట్టిందే. పిల్లల చదువు గురించి ఇంత ఆలోచించిన ఇద్దరు ఒకే చోట విడిపోయారన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఆంత్రోపోసఫీలో కర్మ, పునర్జన్మ ఉన్నాయి. పిల్లలకి అవి పాఠంగా చెప్పరు, కానీ ఏడేళ్ళకి పాలపళ్ళు ఊడే దాకా అక్షరాల జోలికి తొందరగా పోవద్దన్నది అక్కణ్ణించి వచ్చిందే. ప్రభుత్వ డబ్బుతో మతం నేర్పుతున్నారని 1998లో శాక్రమెంటో డిస్ట్రిక్ట్ మీద, ట్విన్ రిడ్జెస్ అనే ఇంకో డిస్ట్రిక్ట్ మీద కేసు వేశారు. 14 ఏళ్ళు నడిచింది. ఆంత్రోపోసఫీ మతమని వేసినవాళ్ళు నిరూపించలేకపోయారని 2012లో అప్పీలు కోర్టు కొట్టేసింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. స్టైనర్ ఉపన్యాసాల్లో జాతుల గురించి, చర్మం రంగు గురించి ఇప్పుడు చదివితే కడుపు మండే మాటలున్నాయి. ఇక్కడి వాల్డార్ఫ్ సంఘం ఆ మాటల్ని తిరస్కరిస్తున్నట్టు ప్రకటించింది. నేను మా ప్రిన్సిపాల్‌ని ఎదురుగా కూర్చుని అడిగాను. ఆవిడ తడబడలేదు, టీచర్లతో ఆ భాగాలు చదివించి మాట్లాడుకుంటామని చెప్పింది. మీరూ అడగండి. ఇబ్బందిపడి మాట మారిస్తే నేనైతే పంపను.

చింతచిగురు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ఎంతో థాంక్స్. మా ఆయన కూడా చదువుతున్నారు. పాలకంకి గారి పోస్ట్ చూపించి "ఇదే నేను చెప్తున్నది" అన్నారు, మెలికముగ్గు గారి ముగ్గు సంగతి చదివి మాత్రం ఏమీ అనలేదు.

ఇంకా రెండు అడుగుతాను. ఇంట్లో టీవీ, ఐప్యాడ్ వద్దంటారట, నిజంగా అంత కఠినమా? అమ్మమ్మ, నానమ్మలతో మాట్లాడేది వీడియోకాల్‌లోనే. టీకాలు వేయించనివాళ్ళు ఎక్కువని కూడా విన్నాను.

గోరింటాకు (ఫ్రీమాంట్)

టీకాలది పాత మాటండీ, ఒకప్పుడు నిజమే. 2016 జూలై నుంచి కాలిఫోర్నియాలో సొంత నమ్మకం పేరు చెప్పి టీకా తప్పించుకునే వీల్లేదు. చార్టర్‌కి కూడా అదే రూలు.

స్క్రీన్ గురించి సంతకం పెట్టిస్తారు. వీడియోకాల్ ఎవరూ కాదనరు. కష్టం వేరే చోట ఉంటుంది. మేం వెళ్ళినప్పుడు మా క్లాసులో తెలుగు కుటుంబం మాదొక్కటే. మన పుట్టినరోజుల్లో పిల్లలందరికీ ఒక గదిలో సినిమా పెట్టేస్తారు కదా, అక్కడ మా పాపని పక్కకి పిలవలేక, అలాగని వదల్లేక నలిగిపోయేదాన్ని. రెండేళ్ళకి ఆ పంతం మానేసి, బయటివాళ్ళ ఇళ్ళలో చూస్తే చూడనీ అనుకున్నాను. టీచర్‌కి చెప్పాను కూడా, ఏమీ అనలేదు.

నాకు అసలు దెబ్బ తగిలింది టీచర్ దగ్గర. ఒకే టీచర్ ఫస్ట్ నుంచి ఎయిత్ దాకా పిల్లలతో పాటే పైకి వస్తారని చెప్తే ఎంత సంబరపడ్డానో. మా క్లాసుకి 3 ఏళ్ళలో ముగ్గురు మారారు. రెండో టీచర్ జనవరిలో వెళ్ళిపోయిన రోజు పాప ఆవిడ కోసం అల్లిన చిన్న సంచి ఇంటికి తిరిగి తెచ్చింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మీ పాపకి రాబోయే టీచర్ ఎవరు, ఇంతకుముందు ఏ గ్రేడ్ దాకా తీసుకెళ్ళారు, ఈ రెండూ అడక్కుండా సీటు ఒప్పుకోకండి.

వాలంటీర్ గంటలు, విరాళం గురించి ఒత్తిడి చేస్తే భయపడొద్దు. పిల్లని చేర్చుకోడానికి గానీ, ఉంచుకోడానికి గానీ తల్లిదండ్రులు వచ్చి పని చేయడం షరతు కాదని స్కూలే తల్లిదండ్రులకి చెప్పాలి, 2017లో చట్టం వచ్చింది.

మూసీఒడ్డు (హైదరాబాద్)

మాది హైదరాబాద్. ఇక్కడా వాల్డార్ఫ్ స్కూళ్ళున్నాయి, అన్నీ ప్రైవేటే, ఫీజు కట్టాలి. మీకు ఉచితంగా వస్తోందంటే నాకు అసూయగానే ఉంది. మా పాపకి తెలుగు అక్షరాలు కూడా బొమ్మల్లోంచే చెప్పారు. ఉడుత తోక చుట్టుకుని కూర్చుంటుంది, ఆ చుట్టులోంచి ఉ వస్తుంది. మా నాన్నగారు అక్షరాభ్యాసంలో బియ్యంలో వేలు పట్టి రాయించింది కూడా చేత్తో నేర్చుకోడమే కదా అన్నారు. మీ పాపకి ఇంట్లో తెలుగు మీరు ఇలా చెప్పుకోవచ్చు, స్కూలు ఏదైనా.

పాలకంకి

చింతచిగురు గారూ, మీరు పంపేటట్టే ఉన్నారు, నాకు తెలుస్తోంది. ఆపను. కానీ శుక్రవారం లోపు ఒక పని చేయండి. ఫస్ట్, సెకండ్ గ్రేడ్‌లో ధ్వనుల్ని వరసగా, ఒక క్రమంలో ఏ ప్రోగ్రామ్‌తో నేర్పుతున్నారో పేరు అడగండి. కథలూ బొమ్మలూ దాని పక్కన ఉంటే మంచిదే, దాని బదులు ఉంటే కాదు. 2025-26 నుంచి కిండర్‌గార్టెన్, ఫస్ట్, సెకండ్ పిల్లలందరికీ చదవడంలో ఇబ్బంది ఉందేమో ప్రతి ఏడాదీ చూడాలని రాష్ట్రం రూలు పెట్టింది, చార్టర్లకి కూడా. ఎప్పుడు చేస్తారు, తేడా కనిపిస్తే మర్నాటి నుంచి ఎవరు ఏం చేస్తారు అని అడగండి. మా బాబు టైమ్‌లో ఇది లేదు.

మా వాడు మామూలు స్కూల్లో ఉన్నా ఇప్పటికీ అల్లుతాడు. ఐదో తరగతిలో నాలుగు సూదులతో సాక్స్ అల్లుతారని పాత ఫ్రెండ్ చెప్తే యూట్యూబ్ చూసి నేర్చుకున్నాడు. ఒక కాలికే అయింది. రెండోది చేస్తున్నాడు.

చింతచిగురు

గురువారం మేమిద్దరం వెళ్ళాం. సెకండ్ గ్రేడ్‌లో గంటసేపు వెనక కూర్చోనిచ్చారు. ధ్వనుల ప్రోగ్రామ్ గురించి ప్రిన్సిపాల్‌ని అడిగితే బీరువా తెరిచి డబ్బా తీసి చూపించారు. రెండేళ్ళ క్రితం దాకా ఇది మా దగ్గర లేదు, తల్లిదండ్రులు అడిగి అడిగి తెప్పించారు అని ఒప్పుకున్నారు. రాబోయే టీచర్ ఇంతకుముందు ఒక క్లాసుని ఎయిత్ దాకా తీసుకెళ్ళి ఇప్పుడు మళ్ళీ ఫస్ట్ మొదలుపెడుతున్నారు. స్టైనర్ జాతుల మాట మా ఆయనే అడిగారు. ప్రిన్సిపాల్ తప్పించుకోలేదు.

రాష్ట్ర పరీక్షల ఫలితాలు చూశాం, సెవెంత్, ఎయిత్‌లో ఇంగ్లిష్ బాగానే ఉంది, లెక్కలు మాకు చాల్లేదు. లెక్కలు ఇంట్లో తను చూసుకుంటానని మా ఆయన అన్నారు. సీటు ఒప్పుకున్నాం.

చింతచిగురు

నవంబర్‌లో మళ్ళీ వస్తున్నాను, ఎలా ఉందో చెప్దామని. నిన్న సాయంత్రం లాంతర్ల నడక అయింది. గాజు సీసాకి రంగు టిష్యూ కాగితాలు అంటించి పిల్లలే లాంతర్లు చేసుకున్నారు. చీకట్లో స్కూలు వెనక చెట్ల మధ్య వంద దీపాలు పాడుకుంటూ వెళ్తుంటే మా ఆయన ఫోన్ జేబులోంచి తీయలేదు.

ఉదయం పూట పేచీ లేదు. రాత్రి నిద్రలో కూడా వేలు కదుపుతూ ఏదో అల్లుతున్నట్టు చేస్తుంది. ఇంట్లో రోజూ 15 నిమిషాలు నేను పక్కన కూర్చుని చదివిస్తున్నాను, అది ఆపలేదు.

పాలకంకి

పుస్తకం చదివి వినిపించమన్నారా?

చింతచిగురు

అడిగానండీ, పోయిన ఆదివారమే. హంస బొమ్మ పేజీ. మొదటి రెండు లైన్లు గడగడా చదివేసింది. మూడో లైన్లో ఒక మాట దగ్గర ఆగి, నా మొహం చూడకుండా, వేలు పెట్టి ఒక్కో అక్షరం విడిగా పలికి, కలిపి, చదివింది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. మళ్ళీ చదవమన్నారు.